గుండుకు మూడో కారణం

‘బాల్డ్’ అనే ఇంగ్లీషు మాటను నేను ఏటా ఒకసారి పాఠం చెబుతాను. రేపల్లెలో మా మిషన్ బడి తొమ్మిదో తరగతి వాచకంలో ఒక ముసలి పడవవాడి కథ ఉంది. అతని తల మీద వెంట్రుక లేదని మొదటి వాక్యంలోనే వస్తుంది. ఆ మాటను నల్లబల్ల మీద రాసి, ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఎక్కడెక్కడ వాడతారో చెబుతాను. జుట్టు లేని తల, చెట్లు లేని కొండ, అరిగి నున్నబడ్డ టైరు, ఉప్పూకారం వేయకుండా చెప్పిన మాట, అన్నిటికీ వాళ్ళకు ఇదొక్కటే సరిపోతుంది. పిల్లలకు టైరు బాగా నచ్చుతుంది. బాపట్ల బస్సు టైర్లు వాళ్ళు చూసినవే కదా.

ఈ ఏడు ఆ పాఠం అయ్యాక అందరూ వెళ్ళిపోయినా ఒక అమ్మాయి బెంచీ దగ్గరే నిలబడిపోయింది. దగ్గరికి పిలిస్తే జడ పక్కకు తీసి చెవి వెనక చూపించింది. రూపాయి బిళ్ళంత మేర చర్మం నున్నగా మెరుస్తోంది. “ఇంట్లో చెప్పావా?” అన్నాను. లేదని తలూపి ఏడ్చింది. ఆ పిల్లను ఇంటి దాకా దిగబెట్టి, వాళ్ళమ్మతో మాట్లాడి వచ్చి, ఇది రాయడానికి కూర్చున్నాను. ఇప్పుడు డెబ్బై మూడో సంవత్సరం. నా తల నిండా జుట్టుంది. ఆరేళ్ళ కిందట నాకూ అక్కడే మొదలైంది.

అరవై ఏడు, వానాకాలం

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. పెళ్ళయి నాలుగేళ్ళయింది, పిల్లల్లేరు. మా ఆయన దేవదానం గారు తాలూకా ఆఫీసులో గుమాస్తా. మా అత్తయ్య రూతమ్మ గారు సువార్త చెప్పే ప్రచారకురాలు. సోమవారం సంచీ భుజాన వేసుకుని బయలుదేరి, నిజాంపట్నం చుట్టుపక్కల పల్లెపాలేలన్నీ తిరిగి, శనివారానికి ఇల్లు చేరేవారు. ఆవిడ అబద్ధం ఆడరు. ఇది మెచ్చుకోలుగా చెబుతున్న మాట కాదు. అలాంటి మనిషితో ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకే ఆ కష్టం తెలుస్తుంది. కూరలో ఉప్పెక్కువైతే ఎక్కువైందంటారు, వచ్చిన చుట్టం లావెక్కితే లావెక్కావంటారు. మా చర్చి సంఘంలో ఏ తగువొచ్చినా “రూతమ్మ గారేమన్నారు?” అని అడిగేవారంటే అందుకే.

పెళ్ళిచూపులకు బాపట్ల వచ్చినప్పుడు ఆవిడ ముందుగా చూసింది నా జడనే. అది మోకాళ్ళ దాకా ఉండేది. తర్వాత కూడా శనివారం వస్తే నన్ను గడప మీద కూర్చోబెట్టుకుని తలకు నూనె రాసేవారు. మా ఇద్దరి మధ్య మాటలు తక్కువ. ఉన్న చనువంతా ఆ నూనె రాయడంలోనే ఉండేది.

ఆగస్టులో ఒక ఉదయం బడికి వెళ్ళే తొందరలో దువ్వుకుంటుంటే చెవి మీద ఒకచోట దువ్వెన పట్టు తప్పి జారింది. వేలు పెట్టి చూసుకుంటే గాజు మీద పెట్టినట్టుంది. మా ఆయన్ని పిలిచి చూపించాను. “అర్ధరూపాయంత ఉంది సుగుణా. పేనుకొరుకుడేమో” అన్నారు. పక్కింటావిడ గురివింద గింజ అరగదీసి పెట్టమంది. పెట్టాను. మండింది, బొబ్బెక్కింది, జుట్టు మాత్రం రాలేదు. దసరా సెలవులకు ఒకటి కాస్తా ఏడయ్యాయి. పొద్దున లేస్తే దిండు మీద రాలిన జుట్టు చూడబుద్ధయ్యేది కాదు.

నొప్పి లేదు, జ్వరం లేదు. అన్నం మామూలుగా తింటున్నాను. నొప్పి ఉన్నా బావుండేదనిపించేది. నొప్పి ఉంటే అది జబ్బని నలుగురికీ చెప్పుకోవచ్చు. ఇదైతే నా ఒంట్లోంచి నేనే కొంచెం కొంచెంగా పోతున్నట్టుండేది. పమిట తల మీదుగా కప్పుకుని బడికి వెళ్ళేదాన్ని. చెవిపోటని చెప్పాను. శనివారాలు అత్తయ్య నూనె గిన్నె తెస్తే తలనొప్పని తప్పించుకున్నాను. నాలుగు వారాలు అలా అయ్యాక ఆవిడ గిన్నె తేవడం మానేశారు. ఎందుకని అడగలేదు. అడగకపోవడం నాకు అప్పటికి హాయిగానే అనిపించింది. నా తప్పులన్నిటికీ మొదలు అక్కడే ఉంది.

అరవై ఏడు చివర, తెనాలి

తెనాలిలో చర్మానికి మంచి డాక్టరున్నారని ఎవరో చెబితే ఇద్దరం రేపల్లె పాసింజరు ఎక్కి వెళ్ళాం. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. డాక్టరు గారి వరండాలో రెండు బల్లలు, గోడకు ఆనీ ఆనీ నున్నబడిన మరకలు. అక్కడ కూర్చున్నవాళ్ళెవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఎవరికి వాళ్ళు తమ మచ్చను చెంగు కిందో చొక్కా కిందో దాచుకుని కూర్చుంటారు.

అంగలకుదురు నుంచి ఒక పెద్దావిడ వచ్చేది. చేతుల నిండా తామర. ఆవిడ ఒక్కతే అందరితో మాట్లాడేది. ఒకరోజు ఒడిలోంచి మల్లెల దండ తీసి, సగం తుంచి, “పెట్టుకో అమ్మాయ్” అంది. నేను తీసుకోకుండా ఊరుకున్నాను. నా మొహం చూసి ఆవిడకు సంగతి అర్థమైపోయింది. నా చెయ్యి లాక్కుని ఆ దండను మణికట్టుకు చుట్టి ముడివేసింది. “వాసన చేతికుంటే రాదా ఏంటి?” అంది. రైల్లో రేపల్లె దాకా ఆ చెయ్యి మొహం దగ్గర పెట్టుకునే కూర్చున్నాను. ఆవిడ పేరైనా అడగలేదు.

డాక్టరు గారు ముసలాయన. మాటలు బహు పొదుపు. “ఇది ప్రాణం తీసే జబ్బు కాదమ్మా. పోయిన జుట్టు ఎప్పుడొస్తుందో చెప్పలేను. రావచ్చు. తల మొత్తం గీయించు. మందు చర్మానికి పట్టాలి. రెండు నెలలు వారం వారం గీస్తూనే ఉండాలి” అన్నారు.

మా ఆయన రేపల్లెలో మంగలి బసవయ్య దగ్గరికి వెళ్ళి అడిగారు. అతను కత్తి కింద పెట్టేశాడట. “ముత్తైదువ తల ఇంటి దగ్గర గీయకూడదు బాబుగారూ. నా చేత్తో ఆ పని చెయ్యలేను. అంతగా ఉంటే కొండ మీదే కానిచ్చుకు రండి” అన్నాడట. మా పేటవాళ్ళమని ఆ సాకు చెప్పాడేమోనని నాకు ముందు కోపం వచ్చింది. మా తాతల తలలు గీయనివాళ్ళు ఉండేవారు మరి. కాని బసవయ్య అలాంటివాడు కాదు. మా ఆయనకు నెల నెలా క్షవరం చేసేవాడే. అతను నిజంగానే భయపడ్డాడు.

అప్పుడే నాకు ఆ ఇంగ్లీషు మాట గుర్తొచ్చింది. బాల్డ్ అన్నప్పుడు అందులో జాలి లేదు, తిట్టు లేదు. తల మీద ఏమీ లేదని మాత్రం చెప్పి ఊరుకుంటుంది. మనకు మగవాడికైతే బట్టతల ఉంది, అది పెద్దరికం కిందే లెక్క. ఆడదానికొచ్చేసరికి బోడి. బోడి సలహా, బోడి పెత్తనం అని ఎవరినైనా తీసిపారేయాలంటే ఆ మాటనే వాడతాం. ఇక ఆడదాని తల మీద గుండు కనబడితే ఈ ప్రాంతంలో రెండే కారణాలు. మొగుడు పోయాడు, లేదా తిరుపతి మొక్కు తీరింది. జబ్బు చేసి గుండైంది అనుకోవడానికి ఎవరి బుర్రలోనూ చోటే లేదు. మా ఆయన నిక్షేపంగా ఉన్నారు. ఇక మిగిలింది ఒకటే, అది మా క్రైస్తవ సంఘంలో పెద్ద తప్పు.

అంత తెలిసీ నేను చేసిన పని చెబుతాను. బడికి పంపిన సెలవు చీటీలో కామెర్లని రాశాను. కామెర్లు మర్యాదైన జబ్బు. అందరూ పథ్యాలు చెబుతారు, ఎవరూ దగ్గరికి రారు. అత్తయ్యకు కూడా అదే చెప్పమని మా ఆయన్ని బతిమాలాను. “అమ్మతోనా?” అన్నారాయన. నేను ఏడ్చాను. ఆయన చెప్పారు.

అరవై ఏడు డిసెంబరు నుంచి ఫిబ్రవరి, బాపట్ల

తెనాలిలో బండి మారి, గూడూరు పాసింజరులో బాపట్ల మా నాన్న దగ్గరికి వెళ్ళాను. తలకు దుప్పటి చుట్టుకుని ఆ బండి ఎక్కుతుంటే మా సంఘ పెద్ద యాకోబు గారి మరదలు అవతలి ప్లాట్‌ఫారం మీద నుంచి చూసిందని అప్పుడు నాకు తెలియదు. తిరుపతికి వెళ్ళేవాళ్ళు ఎక్కేదీ ఆ బండే.

మా అమ్మ పోయి చాలా ఏళ్ళు. నాన్న రిటైరైన ఎలిమెంటరీ బడి మేస్టరు. నా తల చూసి, లేచి పొయ్యి వెలిగించారు. తర్వాత వేణ్ణీళ్ళు కాచి, తన గడ్డం కత్తి రాతి మీద నూరి, నన్ను పెరట్లో పీట మీద కూర్చోమన్నారు. “నీకు ఆరేళ్ళప్పుడు పేలు పడితే ఇక్కడే గీశానే. అప్పుడు ఊరంతా వినపడేటట్టు ఏడ్చావు. ఇప్పుడూ ఏడవచ్చు, నాకేం అడ్డం కాదు” అన్నారు. నేను ఏడవలేదు. ఆయనే ఏడ్చారు. అయినా ఒక్క గాటు పడలేదు.

రెండు నెలలు వారం వారం అదే పని. మందు రాస్తే తల కుంపటిలా ఉండేది. మధ్యాహ్నం నాన్న విసనకర్రతో విసురుతూ పాత పాఠాలేవో చెబుతూ కూర్చునేవారు. ఇంట్లో అద్దం తిప్పి పెట్టేశారు. అది అడగకుండా చేసిన పని. ఆయన రుణం నేను తీర్చలేను. ఆయన ఇప్పుడు లేరు గనక ఇక్కడైనా చెప్పుకుంటున్నాను.

ఫిబ్రవరి చివర తెనాలి డాక్టరు గారు తలంతా వేళ్ళతో తడిమి చూసి, “ఇక గీయొద్దు. వచ్చేదేదో రానీ” అన్నారు. ముందురోజే గీసిన తలతో రేపల్లె తిరిగొచ్చాను.

అరవై ఎనిమిది, మార్చి

పాలు పోసే నాగమ్మ నన్ను చూడగానే చెంబు కింద పెట్టి రెండు చేతులూ జోడించింది. “కొండకెళ్ళొచ్చారా టీచరమ్మగారూ! ప్రసాదమేదండీ?” అంది. కాదు నాగమ్మా, జబ్బు అన్నాను. “నా దగ్గర దాపరికమెందుకండీ. పిల్లల కోసమే కదా మొక్కుకుంది? మీరు ఏ దేవుణ్ణి కొలిస్తే ఏంటి, ఆయన ఇస్తాడు” అని సంబరపడిపోయింది. ఆ మనిషి నాకు మంచే కోరింది. కాని ఆ సంబరంలో నా మెడకు ఉరి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

శనివారం అత్తయ్య వచ్చారు. గుమ్మంలో నిలబడి నా తల వైపు చాలాసేపు చూశారు.

“కామెర్లకు గుండేంటి?” అన్నారు.

కాళ్ళ దగ్గర కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. దువ్వెన, గురివింద గింజ, డాక్టరు, బసవయ్య, నాన్న. ఒక్కటీ దాచలేదు. ఆవిడ విన్నారు.

“కామెర్లన్నది అబద్ధమని నువ్వే చెబుతున్నావు. ఇది నిజమని నేనెట్లా తెలుసుకోను సుగుణా?” అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే తట్టుకునేదాన్ని. ఆవిడ నిజంగానే తెలుసుకోవాలని అడిగారు.

మర్నాడు ఆరాధన అయ్యాక అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, నన్ను, మా ఆయన్ని, అత్తయ్యను తన గదిలోకి పిలిచారు. సంఘ పెద్దలు నలుగురూ ఉన్నారు. మాట్లాడిందంతా యాకోబు గారే. ఆయన తల నేను నల్లబల్ల మీద రాసే మాటకు నిలువెత్తు ఉదాహరణ. దాని మీద పడ్డ ఈగ కూడా జారుతుంది. ఆ తలతో ఆయన నా తల గురించి విచారణ చేశారు.

“పిల్లల్లేరు. బసవయ్య కొండ మీద గీయించుకోమన్నానని పదిమందితో చెప్పాడు. గూడూరు బండి ఎక్కుతుంటే మా మరదలు చూసింది. గుండుతో వచ్చావు. ఇంకేం కావాలమ్మాయ్?” అన్నారు.

డాక్టరు గారి చేత రాయించుకొచ్చిన చీటీ ఇచ్చాను. అందులో ఇంగ్లీషులో రెండు ముక్కలున్నాయి. ఈమె తల బాల్డ్‌గా ఉంది, నా వైద్యంలో ఉంది, అంతే. నిజమే రాశారాయన. కాని ఆయన మాట ఎంత పొదుపో రాత కూడా అంతే.

యాకోబు గారు చదివి నవ్వారు. “బాల్డ్ అని మాకూ కనబడుతోంది. ఎందుకు బాల్డ్ అయిందో ఇందులో లేదు. నీ సెలవు చీటీలో కామెర్లు. ఇందులో బాల్డ్. రేపు మూడోది ఇంకేం తెస్తావు?”

మా ఆయన సాక్ష్యం చెబుతానన్నారు, మా నాన్నను కూడా బాపట్ల నుంచి పిలిపిస్తానన్నారు. ఇంటివాళ్ళ సాక్ష్యం చెల్లదన్నారు. ఇద్దరు పెద్దలు జాలిపడ్డారు కానీ నోరెత్తలేదు. చివరికి యాకోబు గారే ఒక తీర్పు కనిపెట్టారు. మొక్కుకు గీయించుకున్న జుట్టు తిరిగి సమంగా వస్తుంది. జబ్బు చేసిన జుట్టయితే అక్కడక్కడా బోడిమచ్చలు ఉంటాయి. ఈస్టరు దాకా ఆగుదాం, తల చూసి తేల్చుదాం. అందాకా ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం బల్ల దగ్గరికి నేను రాకూడదు. మొక్కని తేలితే సంఘంలోంచి తీసేస్తారు. సంఘంలో లేనివాళ్ళకు మిషన్ బడిలో ఉద్యోగం లేదు.

“వారం వారం ఆ తల చూసి చెప్పేదెవరు?” అని అయ్యగారు అడిగారు.

అందరూ ఒకేసారి మా అత్తయ్య వైపు చూశారు. ఆవిడ లేచి నిలబడి, “చూస్తాను. ఉన్నదున్నట్టు చెబుతాను” అన్నారు.

ఆ రోజుల్లో మా ఇంట్లో మాటలు లేవు. “నువ్వు దాచమన్నావు గనక దాచాను. ఇప్పుడు అమ్మ నా మొహం కూడా చూడట్లేదు” అన్నారు మా ఆయన. నేను అనకూడనిది ఏదో అన్నాను. పది రోజులు మాట్లాడుకోలేదు. అయినా ఆయన రోజూ ఉదయం నా పక్కన నడిచి బడి దాకా వచ్చి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి తాలూకా ఆఫీసుకు వెళ్ళేవారు. అది ఊరికి ఆ చివర. దారిలో ఎవరైనా నా వైపు వింతగా చూస్తే ఆయన వాళ్ళకు నమస్కారం పెట్టేవారు. వాళ్ళు తడబడి చూపు తిప్పుకునేవాళ్ళు.

ఆ నెలలోనే బడిలో ముసలి పడవవాడి పాఠం వచ్చింది. పుస్తకం తెరవగానే ముందు బెంచీలోని లీడరమ్మాయి లేచి, “ఆ పాఠం మేం ఇంట్లో చదివేసుకున్నామండి టీచర్. తర్వాతది చెప్పండి” అంది. తరగతంతా “అవునండి, అవునండి” అంది. నలభై మంది కూడబలుక్కుని చెప్పిన అబద్ధం అది. పుస్తకం మూసి, నల్లబల్ల వైపు తిరిగి కళ్ళు తుడుచుకుని, ఆ మాట పెద్దక్షరాలతో రాశాను. ఆ రోజు చెప్పినంత బాగా ఆ పాఠం మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. మొదటి ఉదాహరణగా పమిట తీసి నా తలే చూపించాను. ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీ నుంచి ఒక పిల్ల, “టీచర్, టైరు సంగతి చెప్పండి” అంటే అప్పుడు అందరం నవ్వాం.

అరవై ఎనిమిది, ఏప్రిల్

శనివారం మధ్యాహ్నం ఎండ పడే చోట పీట వేసి అత్తయ్య నన్ను కూర్చోబెట్టేవారు. కళ్ళజోడు పెట్టుకుని, వేళ్ళతో కుదురు కుదురూ విడదీసి చూసేవారు. నూనె రాసిన వేళ్ళే అవి. ఇప్పుడు ఆరిపోయి, చర్మం మీద గరగరలాడుతూ తిరిగేవి. చూడడం అయ్యాక ఏమీ చెప్పకుండా లోపలికి వెళ్ళిపోయేవారు.

మొదటి వారం నల్లగా మొలకలొచ్చాయి. మచ్చలున్నచోట ఏమవుతుందోనని నేను రోజంతా తడుముకుంటూ ఉండేదాన్ని. చెవి మీద, నడినెత్తిన, మెడ దగ్గర, ఏడు చోట్లూ నాకు కంఠతా వచ్చు. ఏడు చోట్లా వెంట్రుక గుచ్చుకుంది. ముందు సన్నగా, తర్వాత బలంగా. డాక్టరు గారి మందు పనిచేసింది. ఏ తేడా లేకుండా తలంతా సమంగా, మొక్కు తీర్చుకుని వచ్చినవాళ్ళ తల లాగానే జుట్టొచ్చేసింది.

ఎనిమిది నెలలుగా దేనికోసం ఏడ్చానో అది వచ్చింది. ఆ జుట్టే నన్ను దోషిని చేయబోతోంది. రాలినప్పుడు ఏడ్చాను, వచ్చినప్పుడూ ఏడ్చాను. ఇది చదివే ఆడపిల్లలకు ఒక్క మాట చెబుతాను. జుట్టు రాలడం వల్ల నేను పడ్డ కష్టం చాలా తక్కువ. దాచినందువల్ల పడిందే ఎక్కువ. మొదటి మచ్చనాడే అత్తయ్య ముందు తల వంచి ఉంటే ఇవన్నీ లేవు.

ఈస్టరుకు ముందురోజు సాయంత్రం గుడిలో పెద్దలు కూడారు. ఈసారి సంఘంలో సగం మంది వచ్చారు. నేను ఆడవాళ్ళ వైపు చివర చాప మీద కూర్చున్నాను. అత్తయ్యను లేవమన్నారు.

“రూతమ్మ గారూ, తల చూశారా?” అన్నారు యాకోబు గారు.

“ఆరు శనివారాలు చూశానండి.”

“మచ్చలున్నాయా?”

“లేవండి. జుట్టంతా సమంగా వచ్చింది. ఎక్కడా సూదిమొన అంత ఖాళీ లేదు.”

గుడిలో గుసగుసలు బయలుదేరాయి. నాకు తెలిసిన సంగతే అయినా ఆవిడ నోట వింటే వేరు. యాకోబు గారు చేతులు చాచి, ఇక అయిపోయిందన్నట్టు అయ్యగారి వైపు తిరిగారు.

“నేను కూర్చోలేదండి ఇంకా” అన్నారు అత్తయ్య.

యాకోబు గారు చాచిన చేతులు దించేశారు.

“తల చూసి చెప్పమన్నారు, చెప్పాను. నా కోడలు కొండకు వెళ్ళలేదు. అదీ చెబుతున్నాను. ఎట్లా తెలుసని అడగండి. ఆ పిల్ల నాతో చెప్పింది. అంతకంటే నా దగ్గర రుజువు లేదు. ఒకసారి అబద్ధం ఆడింది, నిజమే. నేనేమంటానోనని భయపడి ఆడింది. ఇంట్లో పిల్ల నాలుగు నెలలు తల కప్పుకుని తిరుగుతుంటే ఏంటమ్మా అని ఒక్కసారి అడగని అత్తను నేను. ఆ అబద్ధంలో సగం నాది. తీసేస్తే ఇద్దర్నీ తీసెయ్యండి. రేపు బల్ల దగ్గరికి నా కోడలు రాకపోతే నేనూ రాను.”

ఆవిడ కూర్చున్నారు. వచ్చి నా పక్కన, చాప చివర కూర్చున్నారు.

అయ్యగారు లేచి, “ముప్పై ఏళ్ళుగా రూతమ్మ గారి మాట మీద ఈ సంఘంలో తగువులు తీర్చుకున్నాం. ఇవాళొక్కరోజు ఆ మాట చాలదంటే మిగతావన్నీ తిరగదోడాలి” అన్నారు. ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. యాకోబు గారు కూడా చివరికి ఒప్పుకున్నారు. ఆయన మీద నాకిప్పుడు కోపం లేదు. ఆ తర్వాత నెలకు ఆయన భార్య మా ఇంటికి వచ్చి, అవీ ఇవీ మాట్లాడి, వెళ్తూ వెళ్తూ తెనాలి డాక్టరు గారి వీధి పేరు అడిగి వెళ్ళింది. ఆ మందు పెద్దాయన తల మీద పని చేయలేదు. రెండేళ్ళకు మాకు పాప పుడితే నాగమ్మ పాలచెంబుతో పరుగెత్తుకొచ్చి, “నేను చెప్పలేదండీ!” అంది. ఆవిడతో వాదించే ఓపిక నాకు లేదు.

ఆ సాయంత్రం గుడి నుంచి ఇంటికి వచ్చాక అత్తయ్య నూనె గిన్నె తెచ్చారు. గడప మీద కూర్చున్నాను. అంగుళం జుట్టుకు ఆవిడ పూర్వం బారెడు జడకు పట్టినంత నూనె పట్టించారు. చెవుల మీదకి కారుతోంది. కొంతసేపటికి ఆవిడ చేతులు ఆగిపోయాయి.

“నాలుగో శనివారం చూస్తే అంతా నిండిపోయిందే సుగుణా. ఆ పూట లోపలికెళ్ళి మోకాళ్ళ మీద పడ్డాను. ప్రభువా, ఒక్క మచ్చ ఉంచు, బఠాణీ గింజంతైనా ఉంచు, ఈ పిల్ల జబ్బు పూర్తిగా తగ్గనివ్వకు అని అడిగాను. ఏ తల్లైనా అడుగుతుందా అట్లా? నన్ను క్షమించు” అన్నారు.

నేను వెనక్కి తిరిగి ఆవిడ నూనె చేతులు పట్టుకున్నాను.

“నేనూ అదే అడిగానత్తయ్యా. రోజూ అడిగాను” అన్నాను.

ఆవిడ నన్ను అలాగే చూసి, ఒళ్ళోకి లాక్కుని ఏడ్చారు. ఏడుస్తూనే నవ్వారు. ఇద్దరం ఒకే దేవుణ్ణి, ఒకే ఇంట్లో, ఒకరికి తెలియకుండా ఒకరం, అంత గట్టిగా అడిగాం. ఆయన ఇద్దరి మాటా వినలేదు. ఇన్నేళ్ళలో నేను ఎన్నిటికో కృతజ్ఞతలు చెప్పుకున్నాను. అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పుకుంది ఆయన వినని ఆ ప్రార్థనకే.